బాలమణి రాలేదు

మొన్న మెదక్ నుంచి చేగుంటకు వెళ్లే బస్సులో నా సీటు పక్కన ఎవరో ఒక గోనెసంచి పెట్టారు. అందులో తడిపి మూట కట్టిన తునికాకు ఉంది. బస్సు కదిలి గాలి ఆడగానే వాసన లేచింది. పచ్చిగా, వగరుగా, వానకు నానిన గడ్డివాము అడుగున వచ్చే వాసనలాంటిది. తునికాకు వాసనకు ఎవరికైనా బీడీలు గుర్తుకు రావాలి. నాకు మాత్రం జీవితంలో బీడీ ముట్టని, పొగతాగే మనిషి పక్కన క్షణం నిలబడని, ఆదివారం ఆదివారం తెల్లచీర కట్టుకొని పెద్ద చర్చికి నడిచివెళ్లే ఒక పంతులమ్మ గుర్తుకొచ్చింది. ఆమె పేరు ఎస్తేరమ్మ. దేవుడు లేడని యాభై ఏళ్లుగా రాస్తున్నాను. మనుషులతో ఎలా మాట్లాడాలో నాకు నేర్పింది మాత్రం రోజుకు రెండుపూటలా ప్రార్థన చేసే ఆమె. ఈ మాట ఎప్పుడో రాసి ఉండాల్సింది.

అరవైల తొలి సంవత్సరాలవి. ఊరూరా బడులు తెరుస్తున్నారు, పంతుళ్లు చాలడం లేదు. నేను చేగుంట దగ్గరి పల్లె నుంచి మెదక్ వచ్చి ఉపాధ్యాయ శిక్షణలో చేరాను. అప్పటికే నా నాలుక బాగా పదునెక్కి ఉంది. మా యువకుల సంఘంలో ప్రతి ఆదివారం చర్చ జరిగేది. దయ్యాలు, చేతబడి, ముహూర్తాలు, కులం, విషయం ఏదైనా సరే, మూడు ప్రశ్నల్లో ఎదుటివాణ్ణి మూలకు నెట్టాలి. అది మా సంఘం పద్ధతి. మొదటి ప్రశ్నకు అతను అవుననాలి. రెండోదానికి తడబడాలి. మూడోదానికి నోరు మూతపడాలి. మూతపడగానే సభ చప్పట్లు కొట్టేది. ఆ ఆటలో నాకు సాటి లేరు. ఒక మంత్రగాణ్ణి ఓడించాను. ఇద్దరు పురోహితులను ఓడించాను. మా మేనమామను పెళ్లి పందిట్లో ఓడించి, విస్తరి ముందు నుంచి లేచిపోయేలా చేశాను. మా అమ్మ నెల రోజులు నాతో మాట్లాడలేదు. అది కూడా ఒక గెలుపే అనుకున్నాను.

శిక్షణ రెండో భాగంలో మమ్మల్ని పట్టణంలోని బడులకు పంపేవారు. రోజూ ఒక పాఠానికి పథకం రాసుకొని వెళ్లాలి, చెప్పాలి. ఆ తరగతి పంతులు వెనక కూర్చొని విని, మన నోటుపుస్తకంలో గమనిక రాసి సంతకం పెట్టాలి. అలా సంతకాలున్న పాఠాలు ముప్పై పూర్తయ్యాక, శిక్షణ సంస్థ నుంచి పర్యవేక్షకుడు వచ్చి చివరి పాఠం చూస్తాడు. సంతకాలు లేకపోతే పాఠాలు లేనట్టే. పాఠాలు లేకపోతే ఉద్యోగం లేనట్టే. నన్ను ఒక ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతికి, ఎస్తేరమ్మ టీచరు దగ్గరికి పంపారు.

అప్పటికామెకు యాభై దాటి ఉంటాయి. సన్నగా, పొట్టిగా ఉండేది. నా సంగతి ముందే ఆమె చెవిన పడింది.

"దేవుడు లేడంటవంట గదా, నర్సింలూ?"

"లేడు టీచర్."

"దేవుని పేరే పెట్టుకొని?"

"నా పేరు నేను పెట్టుకోలేదు."

ఆమె నవ్వింది. "మంచిది. నువ్వు లేడను, నేను ఉన్నడంట. ఈ క్లాసుల ముప్పై ఆరుగురు పిల్లలున్నరు. వీళ్లు ఉన్నరని ఇద్దరం ఒప్పుకుందామా?"

మూడు ప్రశ్నల వీరుణ్ణి, ఆ ఒక్క ప్రశ్నకే అవునని తలూపాను.

మిగతా పంతుళ్లలా ఆమె వెనక బెంచీ మీద కూర్చునేది కాదు. పక్కన కిటికీ దగ్గర స్టూలు వేసుకునేది. అక్కణ్ణుంచి నేను సరిగ్గా కనపడను కదా అంటే, "నిన్నెందుకు చూడాలె? నేను పిల్లల మొఖాలు చూస్త" అంది. మొదటి వారం ఆ ముఖాల్లో ఆమెకు ఏం కనిపించిందో నాకు తెలుసు. నేను అచ్చు పుస్తకంలా మాట్లాడేవాణ్ణి. పిల్లలు ఒకరినొకరు గిల్లుకునేవారు, గోడ మీద బల్లిని లెక్కపెట్టుకునేవారు. నేను గొంతు పెంచితే వాళ్లూ పెంచేవారు. ఒకరోజు బెల్లు కొట్టాక ఆమె నాతో మెల్లగా అంది: "సార్, మీరు రేడియోల వార్తలు చదివినట్టు చెప్తున్నరు. పిల్లలేమో బంద్ జేసుకున్నరు." పిల్లలు వినేచోట ఆమె నన్ను మీరనేది, సారనేది. ఒంటరిగా ఉన్నప్పుడే నువ్వు. నేను వాళ్ల ముందు చిన్నబోకూడదని ఆమె తీసుకున్న జాగ్రత్త అది. అప్పుడు నాకది తట్టలేదు.

రేడియో పనికిరాదని తెలిశాక నా చేతిలో ఉన్న రెండో పనిముట్టు తీశాను. తరగతిని చర్చాసభ చేశాను. ప్రశ్న వేయడం, జవాబు రప్పించడం, దాని మీద ఇంకో ప్రశ్న వేయడం, సరైన జవాబుకు అందరూ చప్పట్లు కొట్టడం. గది ఒక్కసారిగా వెలిగింది. గిల్లుకునే చేతులు పైకి లేచాయి. భూమి గుండ్రంగా ఉందని రుజువు చేయించాను, గ్రహణం రోజు అన్నం తినవచ్చని ఒప్పించాను. పక్క తరగతి పంతులు గుమ్మంలో నిలబడి చూసి వెళ్లాడు. ఎస్తేరమ్మ కూడా మెచ్చుకుంది. "పిల్లలకు నోరొచ్చింది, మంచిగైంది" అని పుస్తకంలో రాసి సంతకం పెట్టింది. నేను పుట్టుకతోనే ఉపాధ్యాయుణ్ణి అనుకున్నాను.

ఇరవై మూడో పాఠం మశూచి గురించి. ఆ రోజుల్లో ఆ జబ్బు ఇంకా మన మధ్యనే తిరుగుతుండేది. దానిపేరు చెప్పడానికి జనం భయపడి తల్లి పోసిందనేవారు. నేను నల్లబల్ల మీద బొమ్మ గీసి, మశూచి ఎందుకొస్తుందని అడిగాను. ముందు వరుసలో బాలమణి అనే పిల్ల లేచింది. పదేళ్లుంటాయి. లెక్కల్లో చురుకు. పలక మీద తల వంచి రాస్తుంటే జడ ముందుకు పడేది.

"తల్లికి కోపమొస్తె పోస్తది సార్. మా తమ్మునికి పోసింది. తల్లే తీస్కపోయింది."

నాకు కలిగింది సంతోషం. దాచను. ఎదుటిపక్షం తనంతట తానే లేచి నిలబడింది కదా!

"మీ తమ్ముడికి టీకాలు వేయించారా?"

"లేదు సార్."

"టీకాలు వేయించుకున్నవాళ్లు ఈ తరగతిలో చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎవరికైనా పోసిందా?"

ఆమె వెనక్కి తిరిగి పిల్లల జబ్బల మీది మచ్చలు చూసింది. "లేదు సార్" అంది, కొంచెం ఆలస్యంగా.

"మరి మీ తమ్ముణ్ణి తీసుకుపోయింది ఆ తల్లా? టీకాలు వేయించని మీ అమ్మానాన్నలా?"

తరగతి చప్పట్లు కొట్టింది. నేర్పినవాణ్ణి నేనే. బాలమణి ఏడవలేదు. కూర్చొని, పలక మీద తాను రాసుకున్నదంతా అరచేత్తో తుడిచేసింది. ఎస్తేరమ్మ కిటికీ దగ్గర కదలకుండా కూర్చుంది. ఆ రోజు నా పుస్తకంలో "విషయజ్ఞానం ఉంది" అని మాత్రం రాసి సంతకం పెట్టింది.

మర్నాడు పాఠం అయ్యాక పుస్తకం ఇస్తే, గమనిక రాసేచోట రెండే మాటలు రాసింది: బాలమణి రాలేదు. సంతకం లేదు. ఆ తర్వాతి రోజూ అదే. మూడో రోజూ అదే. నేను ఎంత బాగా చెప్పినా, బొమ్మలు గీసినా, పాట పాడించినా, అవే రెండు మాటలు. ఐదో రోజు నాకు కోపమాగలేదు.

"టీచర్, నా పాఠానికీ ఆమె హాజరుకూ సంబంధమేంటి?"

"నాకు తెల్వదు. తర్కం జదివినోనివి నువ్వు. నువ్వే చెప్పాలె."

"నేను చెప్పింది తప్పా? టీకాలు వేయిస్తే బతుకుతారా, లేదా?"

"బతుకుతరు. నేను గూడ పిల్లలకు గదే చెప్త. గాని నువ్వు టీకాల పాఠం చెప్పినవా, ఆ పోరి మీద కేసు గెల్చినవా?"

"కోపముంటే తిట్టండి. సంతకం మాత్రం ఆపకండి."

"నాకెందుకు కోపం, బిడ్డా? బెంచీ మీద జాగ ఖాళీగున్నది. అది రాసిన, అంతే."

ఇంక ఏడు పాఠాలుంటే నా శిక్షణ ముగిసేది. వాటిలో ఐదు అప్పటికే చెల్లకుండా పోయాయి. ఆ సాయంత్రమే బాలమణి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. పిల్ల మీద బాధతో వెళ్లానని రాస్తే బాగుంటుంది. కానీ వెళ్లింది సంతకం కోసం.

ఇల్లు బియ్యం మిల్లు వెనక సందులో ఉంది. తండ్రి ఆ మిల్లులోనే బస్తాలు మోస్తాడు. వాకిట్లో చంటిపిల్లను గుడ్డ ఉయ్యాలలో వేసి, తల్లి లచ్చమ్మ ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. పక్కన బాలమణి కత్తెర పట్టుకొని, రేకుముక్క కొలత పెట్టి ఆకు కత్తిరిస్తోంది. తడిపిన తునికాకు వాసన వాకిలంతా కమ్ముకొని ఉంది. నన్ను చూసి బాలమణి లోపలికి పోయింది. నేను నిలబడే మొదలుపెట్టాను. చదువు ప్రతి బిడ్డ హక్కని, ఆడపిల్ల చదివితే ఇల్లు బాగుపడుతుందని, అజ్ఞానం మన ప్రధాన శత్రువని, ఆరు కారణాలు వరుసగా చెప్పాను. లచ్చమ్మ తలెత్తలేదు. వేళ్లు ఆగలేదు.

"అయిపోయిందా సారూ?"

"ఏంటమ్మా?"

"మీ ఉపన్నాసం." అప్పుడు తలెత్తింది. "నా కొడుకును నేనే సంపుకున్ననంటివంట. గసుంటి దాని కడుపున పుట్టింది సదివితే ఎంత, సదవకుంటే ఎంత? పోండ్రి సారూ. ఆకు ఎండిపోతున్నది."

సందు చివరిదాకా నడుస్తూ ఆమెకు చెప్పాల్సిన జవాబులు కూర్చుకున్నాను. చాలా పదునైనవి దొరికాయి. వాటిని ఎవరికి చెప్పాలో తెలియక మిల్లు గోడ దగ్గర నిలబడిపోయాను.

మర్నాడు ఎస్తేరమ్మకు జరిగింది చెప్పాను. అంతా విని ఒకటే అడిగింది. "ఆమెనేం అడిగినవ్?"

"ఏమీ అడగలేదు. చెప్పాను."

"గదే మరి."

బడి వదలగానే ఆమె గొడుగు తీసుకొని నాతో బయల్దేరింది. దారిలో షరతు పెట్టింది. "నేను మాట్లాడ. నువ్వు గూడ ఉపన్యాసం చెప్పకు. పోయి కూసుందాం." నిజంగానే పోయి కూర్చున్నాం. లచ్చమ్మ మాకు గోనెపట్టా పరిచి, నన్ను వదిలేసి ఆమెతో అంది: "టీచరమ్మా, మీ సారు మల్ల ఉపన్నాసం పట్కొచ్చిండా?"

"లేదమ్మా. ఇయ్యాల ఇంట్ల మర్చిపోయొచ్చిండు."

లచ్చమ్మ పెదవి కొంచెం వదులైంది. ఎస్తేరమ్మ కట్టలోంచి ఒక ఆకు తీసి, వెలుతురుకు ఎత్తి చూసి, ఈసారి ఆకు చిల్లులు ఎక్కువున్నట్టుందే అంది. అవును, సగం పారేసుడే అంది లచ్చమ్మ. ఆ తర్వాత చాలాసేపు లోపల్నుంచి బాలమణి కత్తెర చప్పుడు ఒక్కటే. నాకు అంతసేపు నోరు మూసుకొని కూర్చోవడం అదే మొదటిసారి. చివరికి, జవాబు నాకు ముందుగా తెలియని ప్రశ్న ఒకటి అడిగాను. అలాంటి ప్రశ్న అడగడం కూడా అదే మొదటిసారి.

"ఆ రోజుల్లో ఏం జరిగిందమ్మా?"

లచ్చమ్మ చాట పక్కన పెట్టింది.

"సూదులాయనొచ్చి బజార్ల కూసున్నడని తెలిస్తె పిలగాన్ని ఎత్తుకొని పోయిన. మస్తు మంది ఉన్నరు. ఇయ్యాల అయిపోయింది, రేపు మీ వాడకే వస్తనన్నడు. తెల్లారి మా ఆయన మిల్లుకు పోలే, నేను ఆకు ముట్టలే. పొద్దుగూకేదాంక పిలగాన్ని ఒళ్లె పెట్టుకొని వాకిట్ల కూసున్నం. రాలే. మర్నాడు సుత కూసున్నం. రాలే. దవాఖానకు పోతె, మీ వాడకు వస్తనన్నడు గదా, ఆగుండ్రి అన్నరు. ఇరవై దినాలకు పిలగానికి పోసింది." ఆమె లోపలి తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "తల్లి తీస్కపోయిందని పోరికి జెప్పింది నేనే. ఇంకేం జెప్పాలె సారూ? సూదులాయన మన వాడకు రాలేదు, గందుకే సచ్చిండని జెప్పాలెనా?"

నా మూడు ప్రశ్నల్లో ఈ ప్రశ్న లేదు. సాక్ష్యం అడగకుండా తీర్పు చెప్పే పురోహితుణ్ణి ఎన్నిసార్లు ఎండగట్టాను! పదేళ్ల పిల్ల ముందు నేను చేసింది అదే. అజ్ఞానమని తిట్టడం సుళువు. చేతికి అందనిదాన్ని వాళ్లే వద్దన్నారని అనుకోవడం మరీ సుళువు. వాళ్లు టీకాలను నమ్మి రెండు రోజులు పని మానుకొని కూర్చున్నారు. ఆ వాకిట్లో అందరికంటే తక్కువ తెలిసినవాణ్ణి నేను.

"నాది తప్పమ్మా" అన్నాను.

"నాకు జెప్తే ఏమొస్తది? చప్పట్లు గొట్టినోళ్లకు జెప్పు."

రేపు చెప్తాను, రేపు చెప్తాను అని వాయిదా వేస్తుండగానే, మూడు రోజుల తర్వాత పర్యవేక్షకుడు వచ్చాడు. పైపంచె సర్దుకొని వెనక బెంచీ మీద కూర్చొని పెన్ను తీశాడు. సంతకాలు తక్కువున్నాయేమని అడిగితే ఎస్తేరమ్మ, "పాఠాలు బాకీ లేవు సార్, ఒక పని బాకీ ఉన్నది. అది అయినంక పెడత" అంది. నేను సుద్దముక్క అందుకునేసరికి గుమ్మంలో లచ్చమ్మ, ఆమె కొంగు పట్టుకొని బాలమణి కనిపించారు. ఇద్దరూ లోపలికి రాలేదు. ఆ రోజు చెప్పాల్సింది గాలికి బరువుంటుందని. పథకం పకడ్బందీగా రాసుకున్నాను. పాఠం ముగించి తర్వాత వాళ్ల సంగతి చూస్తే నాకు మంచి మార్కులు పడతాయి. కానీ అంతసేపు గుమ్మంలో నిలబడతారా? ఎస్తేరమ్మ వైపు చూశాను. ఆమె నన్ను చూడటం లేదు. అలవాటు ప్రకారం పిల్లల ముఖాలు చూస్తోంది.

సుద్దముక్క కింద పెట్టాను.

"పోయిన వారం బాలమణిని మూడు ప్రశ్నలు అడిగాను. మూడోది తప్పు. వాళ్ల అమ్మానాన్నలు తమ్ముణ్ణి టీకాలకు తీసుకుపోయారు. టీకాలే వాళ్ల వాడకు రాలేదు. ఏమీ తెలుసుకోకుండా నేను నింద వేశాను. నాది తప్పు."

"గట్టిగ చెప్పుండ్రి సారూ," అంది లచ్చమ్మ గుమ్మంలోంచి. "ఎనకోళ్లకు ఇనవడలే."

మళ్లీ చెప్పాను, గట్టిగా. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పిల్లలు నోళ్లు తెరుచుకొని చూశారు. పంతులు తప్పు ఒప్పుకోవడం వాళ్లు ఎన్నడూ చూసి ఉండరు. ఆ మాటకొస్తే నేనూ చూడలేదు. బాలమణి కొంగు వదిలి, ముందు వరుసలో తన చోటికి వచ్చి కూర్చుంది. లచ్చమ్మ ఆకు తడపాలని వెళ్లిపోయింది. నేను గాలి బరువు మొదలుపెట్టాను. చివర్లో ఆనవాయితీగా, సందేహాలుంటే అడగమన్నాను. బాలమణి లేచింది.

"సూదులాయన మా వాడకు ఎందుకు రాలే సార్?"

గాలికీ ఆ ప్రశ్నకూ సంబంధం లేదు. పర్యవేక్షకుడు పెన్ను ఆపాడు. "నాకు తెలియదు" అన్నాను. "అడిగి తెలుసుకుందాం." ఆయన నా నివేదికలో పాఠ్యాంశానికి సంబంధం లేని ప్రస్తావనతో కాలం వృథా చేశాడని రాశాడు. అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. ఆయన జట్కా ఎక్కాక ఎస్తేరమ్మ నా పుస్తకం తెరిచి, ఆగిన సంతకాలన్నీ ఒక్కొక్కటిగా పెట్టింది.

తర్వాతి వారం తరగతి మొత్తం కలిసి ఒక దరఖాస్తు రాసింది. అందులో వాక్యాలు పిల్లలవే. మొదటి వాక్యం బాలమణిది. ఎస్తేరమ్మ దాన్ని తీసుకొని దవాఖానకు వెళ్లి, జవాబు చెప్పేదాకా బల్ల ముందు కూర్చుంది. నా మొదటి వ్యాసం ఆ దరఖాస్తేనని ఇప్పటికీ అనుకుంటాను. పదిహేను రోజులకు టీకాలాయన మిల్లు వెనక సందుకు వచ్చాడు. లచ్చమ్మ చంటిపిల్లను ఎత్తుకొని వచ్చింది. రావడానికి ముందు పోచమ్మకు దీపం పెట్టి, పిల్ల నుదుట పసుపు బొట్టు పెట్టింది. ఉపన్యాసానికి నా నోరు తెరుచుకుంది. ఎస్తేరమ్మ పక్కనుంచి అంది: "నర్సింలూ, పిల్ల గుంజుకుంటది. చెయ్యి గట్టిగ పట్టు." పట్టుకున్నాను.

మెదక్ విడిచి వెళ్లేముందు ఆమెను చూడటానికి ఆదివారం చర్చి ఆవరణకు వెళ్లాను. లోపలికి రమ్మని ఆమె అనలేదు, రానని నేనూ అనలేదు. మెట్ల మీద కూర్చున్నాం. చాలా రోజులుగా మనసులో ఉన్నది అడిగాను. ఆ రోజు క్లాసులోనే నన్నెందుకు ఆపలేదు? అన్ని రోజులు అవే రెండు మాటలు ఎందుకు రాశారు?

ఆమె కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది.

"నీ ఈడుల నేను గూడ గట్లనే ఉంటి. మిషన్ బడిల టీచరైన మొదటి సాలు. మూడో క్లాసుల శంకరయ్య అని ఒక పిలగాడు. వాళ్ల నాయన సచ్చిపోయిండు. మా నాయన ఏడికి పోయిండు టీచర్ అని అడిగిండు. నేను జెప్పిన. బాప్తిస్మం లేనోళ్లు పరలోకానికి పోరని జెప్పిన. పుస్తకంల ఉన్నదే జెప్పిన. తప్పు జెప్పలే అనుకున్న." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. "మర్నాడు రాలే. మల్ల ఎన్నడు రాలే. నన్ను వాళ్లింటికి పొమ్మని ఎవ్వరనలే. నేనూ పోలే. అప్పుడు నాకు ఎవరన్నా రోజూ గుర్తు జేస్తె బాగుండు."

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆ మెట్ల మీద ఆమె చెప్పింది ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నది ఆమెను తగ్గించడానికి కాదు. నా ఎదురుగా కూర్చొని తన తప్పు బయటపెట్టిన మరో ఉపాధ్యాయురాలిని నేను చూడలేదు. అంతకంటే పెద్ద చదువు నాకు ఎక్కడా దొరకలేదు. మూఢత్వం మీద నా కోపం ఒక వీసం కూడా తగ్గలేదు. బాబాలనూ బురిడీలనూ వదిలిపెట్టలేదు, వదిలిపెట్టను. అయితే వ్యాసం ముగించి సంతకం చేసేముందు ఒకసారి ఆగుతాను. నేను ఎన్నడూ చూడని శంకరయ్య నా బల్లకు అవతల కూర్చొని ఉంటాడు. రాసినదంతా అతనికి చదివి వినిపిస్తాను. మళ్లీ రేపు వస్తాడా అని అతని ముఖం చూస్తాను. నాకు ఎనభై దగ్గర పడ్డాయి. అతనికి ఇంకా ఎనిమిదేళ్లే.